రాలిన కాయ ఎవరిది?

వేసవిలో పండ్లతోటలను పట్టు పురుగులను గూర్చి, తెగుళ్లను గూర్చి ప్రతి సంవత్సరము వ్యాసములు వచ్చుచునే యున్నవి. ఏ పురుగుకు ఏ మందు, లీటరు నీటికి ఎంత, ఎన్ని రోజులకొకసారి అను వివరములు వానిలో ఉండును. అవి అవసరమే. కాని మన మామిడి రైతుకు నేడు కొరతగా ఉన్నది మందు పేరు కాదని నా అభిప్రాయము. మందుల పేర్లు దుకాణదారుడైనను చెప్పగలడు. కొరతగా ఉన్నది ఒక చిన్న ప్రశ్నకు జవాబు. చెట్టు క్రింద రాలిపడిన కాయ ఎవరిది?

నూజివీడు ప్రాంతములో గాని, చిత్తూరు వైపున గాని, జగిత్యాల, కొల్లాపూరు తోటలలో గాని మే నెలాఖరున ఒకసారి నడచి చూడుడు. బంగినపల్లి కోత ముగిసిన తోటలో మనిషి కనబడడు. కాపలావాని పాక ఖాళీగా ఉండును. చెట్ల క్రింద పండి చితికినవి, సగము కుళ్లినవి, ఒక ప్రక్క మెత్తబడి రసము కారుచున్నవి కాయలు పడియుండును. ఒకదానిని చీల్చి చూచిన యెడల కాళ్లు లేని తెల్లని పురుగులు గుజ్జులో కదలుచుండును. బాగుగా ఎదిగినవి విల్లువలె వంగి ఎగిరి పడును. ఇవి పండు ఈగ పిల్లలు.

తోట యజమానిని అడిగినచో, "తోట గుత్తకు ఇచ్చేశానండీ, కాయ గుత్తదారుది" అనును. గుత్తదారుని ఫోనులో అడిగినచో, "కోత అయిపోయిందండీ, తోట అప్పజెప్పేశాను" అనును. ఇద్దరును అబద్ధము చెప్పుటలేదు. చెట్టు మీది కాయకు ఇద్దరు హక్కుదారులున్నారు. నేల మీది కాయకు ఒక్కరును లేరు. ఏప్రిల్ గాలివానకు రాలిన పచ్చికాయ సంగతి వేరు. దానిని పచ్చడికో, ఒరుగులకో ఏరుకొనువారు పదిమంది వచ్చుదురు. కాపలావాడు కఱ్ఱ పట్టుకొని అదలించును. అదే కాయ మే నెలలో మెత్తబడి రాలిన యెడల తిరిగి చూచువాడు లేడు. పండు ఈగ బ్రతుకుచున్నది సరిగా ఈ సందులోనే.

ఈ ఈగ ఇంచుమించు ఇంటి ఈగ అంత ఉండును. ఒళ్లు గోధుమ, నలుపు రంగులు కలసి, వీపు మీద ఇరుప్రక్కల పసుపు చారలతో ఉండును. తొందరలో చూచినవారు చిన్న కందిరీగ అనుకొందురు. కాయ పక్వమునకు వచ్చు వేళకు ఆడ ఈగ తన సూదివంటి అవయవముతో తొక్కను గ్రుచ్చి లోపల గుడ్లు పెట్టును. ఒకటి రెండు దినములలో గుడ్లు పగిలి పురుగులు గుజ్జులోనికి పోవును. వారము, పది దినములు తిని బలిసిన తరువాత కాయను విడిచి నేలలోనికి దూరును. అప్పటికి కాయ రాలియే యుండును. కొద్ది అంగుళముల లోతులోనే గింజవలె గట్టిపడి నిద్రావస్థలో మరి యొక వారము, పది దినములుండి ఈగయై బయటికి వచ్చును. వేసవి వేడిలో గుడ్డు నుండి ఈగ దాక ఇంచుమించు మూడు వారములు. ఆ ఈగ మరల గుడ్లు పెట్టుటకు ఇంకొక వారము, పది దినములు పట్టును. ఏప్రిల్ చివరి నుండి జూలై చివరి దాక మూడు తరములు సులభముగా గడచును.

ఒక చిన్న లెక్క వేసికొందము. రాలిన ఒక కాయలో ఇరువది పురుగులు ఉన్నవనుకొనుడు. వానిలో సగము ఆడవి. ఒక్కొక్క ఆడ ఈగ తన జీవితకాలములో వందల కొలది గుడ్లు పెట్టగలదు. అన్నియు బ్రతుకవు. చీమలు తినును, పక్షులు తినును, ఎండకు చచ్చును. పదింట ఒకటి బ్రతికినను, చెట్టు క్రింద మనము విడిచిపెట్టిన ఒక్క బుట్టెడు కాయ వచ్చే నెల ప్రక్క తోటను పట్టుటకు చాలును.

మందు కొట్టించుటను గూర్చి నా అభిప్రాయము ఇక్కడనే చెప్పెదను. గుడ్డు తొక్క క్రింద ఉన్నది. పురుగు గుజ్జులో ఉన్నది. నిద్రావస్థలో ఉన్నది మట్టి క్రింద ఉన్నది. మందునీరు తగులునది ఈగకు మాత్రమే. ఆ ఈగ ఈ పూట మన చెట్టు మీద, మరుపూట ప్రక్కవారి జామచెట్టు మీద ఉండును. కోతకు వారము ముందు చెట్టంతయు తడియునట్లు మందు కొట్టించు రైతు పురుగును చంపుటలేదు. తినువారికి మందు అవశేషము పంపుచున్నాడు. మందు డబ్బా మీద కోతకు ఎన్ని దినముల ముందు ఆపవలెనో వ్రాసియుండును. దానిని చదువువారు తక్కువ. చదివియు కొట్టించువారు కూడ కలరని నాకు తెలియును. కాయకు పైకి ఏ మచ్చయు లేదు గనుక లారీ ఎక్కును. ఊరు దాటిన తరువాత ముగ్గబెట్టిన గదిలో పురుగు బయటపడును. అప్పుడు ఆ గ్రామము పేరే చెడును గాని ఒక రైతు పేరు కాదు.

పేరు చెడుట యనగా ఏమో మన దేశమునకు అనుభవమే. జపాను దేశము 1986 లో మన మామిడిని వద్దన్నది. కారణము ఈ పండు ఈగయే. మరల రానిచ్చినది 2006 లో. అనగా ఇరువది సంవత్సరములు. అమెరికా 1989 లో నిలిపిన దిగుమతిని 2007 లో, కాయలను వికిరణముతో శుద్ధి చేయవలెనను నిబంధన మీద, తిరిగి అనుమతించెను. యూరపు దేశముల సమాఖ్య 2014 మే 1 వ తేదీ నుండి మన మామిడిని, దానితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ వంటి కూరగాయలను ఆపివేసెను. సరిగా కోతల నడిమిన పడిన దెబ్బ అది. 2015 ఆరంభములో మామిడి మీది నిషేధమును తొలగించిరి. ఇప్పుడు ఎగుమతి కాయను వేడినీటిలోనో, వేడి ఆవిరిలోనో శుద్ధి చేసి పంపుచున్నారు. ఎగుమతిదారు ఆ ఖర్చు భరించగలడు. ఢిల్లీ మార్కెట్టుకు కాయ పంపు రైతు గాని, గుజ్జు కర్మాగారపు గేటు వద్ద ట్రాక్టరుతో నిలుచు రైతు గాని భరించలేడు. అతనికి శుద్ధి అంటే తోటలో జరుగునదే.

ఇక అసలు తగవునకు వచ్చెదను. మన గ్రామములలో ఒకే రకము మామిడి ఉండదు. బంగినపల్లి మే నెలలో అయిపోవును. తోతాపురి జూన్, జూలై దాక చెట్టు మీద ఉండును. నీలము ఇంకను ఆలస్యము. ముందు కోసినవానికి పండు ఈగ నష్టము తక్కువ. అతడు కాయ అమ్ముకొని తోట విడిచిపెట్టును. ఆ తోటలో రాలిన కాయలలో పెరిగిన ఈగలు తొలకరి జల్లులకు నేల మెత్తబడగానే లేచి తోతాపురి, నీలము చెట్ల మీద పడును. తొలి తోటవాని సోమరితనమునకు మలి తోటవాడు జరిమానా కట్టుచున్నాడు. ఈ సంగతి పల్లెలలో అందరికి తెలిసినదే. ఎవరును ఎదుట అనరు. చుట్టములు, ఇరుగుపొరుగులు, కాయ దగ్గర మాట పడుట ఎందుకని ఊరకుందురు. ఊరకుండుట మర్యాదయే. కాని ఆ మర్యాద ఖర్చు ఎవరు భరించుచున్నారో చూడవలెను గదా.

2025 వేసవిలో చిత్తూరు ప్రాంతపు తోతాపురి ధర కూలిపోయినప్పుడు ఈ తగవు మరి యొక రూపములో కనబడెను. ప్రభుత్వము కర్మాగారములు కిలోకు 8 రూపాయలు, తాను 4 రూపాయలు చొప్పున ఇచ్చి మొత్తము 12 రూపాయలు రైతుకు ముట్టునట్లు నిర్ణయించినను, కర్మాగారముల ముందు బారులు తీరిన బండ్లలో చాల కాయ మురిగినది. విసిగినవారు రోడ్ల ప్రక్కన పారబోసిరి. కొందరు కోత కూలి కూడ రాదని చెట్టు మీదనే వదలిరి. ఆ రైతు బాధను నేను తప్పు పట్టను. అయితే అమ్ముడుపోని కాయకు ధర లేకపోయినను పురుగు ఉన్నదని, ధర పడిన సంవత్సరమే పండు ఈగకు పండుగ సంవత్సరమని మాత్రము గుర్తుంచుకొనవలెను. అటువంటి సంవత్సరములలో కాయను పూడ్చుటకు పొక్లెయిను యంత్రపు బాడుగ గ్రామము కొరకు ప్రభుత్వము భరించినను అది వృథా వ్యయము కాదని నా అభిప్రాయము.

ఈగను పట్టుటకు ఎర లేదా అని అడుగుదురు. ఉన్నది, మంచి ఎరయే. దాని కథయు మన దేశములోనే మొదలైనది. బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయములో పనిచేసిన హౌలెట్ అను కీటక శాస్త్రజ్ఞుడు, నిమ్మగడ్డి జాతి నూనెకు పండు ఈగలు మూగుచున్నవని 1912 లో వ్రాసెను. ఆ వాసనలో ఈగను లాగు పదార్థము మిథైల్ యూజినాల్ అని తరువాత 1915 లో తేల్చెను. మన పెరటి తులసిలో కూడ ఈ జాతి వాసన ఉన్నందున, తులసి ఆకు నలిపి పెట్టినచోట ఈగలు చేరుట కొందరు రైతులు చూచియే యుందురు. నేడు ఈ పదార్థమును, కొంచెము పురుగుమందును పీల్చుకొన్న చెక్కముక్కలను ప్లాస్టిక్ డబ్బాలలో పెట్టి అమ్ముచున్నారు. ఎకరమునకు ఎనిమిది, పది చొప్పున, మనిషి రొమ్ము ఎత్తున, నీడపట్టున కొమ్మలకు కట్టవలెను. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే కట్టవలెను గాని పురుగు కనబడిన తరువాత కాదు. చెక్కముక్కను ఆరు, ఎనిమిది వారములకు మార్చవలెను.

కాని ఒక సంగతి దుకాణదారుడు చెప్పడు. ఈ ఎరకు వచ్చునవి మగ ఈగలు మాత్రమే. డబ్బాలో దోసెడు ఈగలు పడినవని సంతోషించు రైతు తోటలో గుడ్లు పెట్టు ఈగ ఒక్కటియు చావలేదు. మగవి లేకపోయిన యెడల ఆడవానికి సంతతి లేదు, అదియే దీని కిటుకు. ఆ కిటుకు పారవలెనన్నచో చుట్టుపట్ల మగ ఈగలన్నియు పోవలెను. అయిదెకరముల తోటలో ఒక్కడు ఎరలు కట్టి, చుట్టు ఏబది ఎకరములవారు కట్టకున్న యెడల, బయట మగవానితో కలసి గర్భము ధరించిన ఆడ ఈగలు దర్జాగా లోనికి వచ్చును. "ఎర పనిచేయలేదండీ" అని ఆ రైతు మరుసటి సంవత్సరము మానివేయును. ఎర పనిచేయకపోలేదు, ఊరు పనిచేయలేదు.

ఊరంతయు పనిచేసిన యెడల ఏమగునో చూపిన చోటు ఒకటి ఉన్నది. పసిఫిక్ సముద్రములోని రోటా అను దీవిలో, 1962, 1963 సంవత్సరములలో, ఇదే మిథైల్ యూజినాల్ ఎరను పురుగుమందుతో కలిపి అట్టముక్కలకు పట్టించి విమానములతో దీవి అంతట జారవిడిచిరి. పండు ఈగ అచ్చట పూర్తిగా అంతరించెను. జపాను తన దక్షిణపు దీవులలో ఇదే పద్ధతిని సంవత్సరముల తరబడి సాగించి 1986 నాటికి ఈ ఈగను నిర్మూలించెను. అవి సముద్రము చుట్టుకొన్న దీవులు. మన గ్రామములకు సముద్రపు సరిహద్దు లేదు; ఈగకు పొలిమేర రాయి తెలియదు. కనుక నిర్మూలన మాట మనకు వద్దు. నూటికి ఇరువది కాయలు పోవుచోట నాలుగో, అయిదో పోవునట్లు చేసికొనుట మాత్రము సాధ్యమే. దానికి విమానము అక్కరలేదు. ఎర డబ్బాలు ఒకే వారములో ఊరంతట కట్టుట, రాలిన కాయ రెండు మూడు దినములకొకసారి ఏరుట, ఈ రెండును చాలును. రెండింటిలో ఒకటి విడిచినను రెండవది సగమే పనిచేయును.

ఏరిన కాయను ఏమి చేయవలెనను చోట మనవారు చేయు పొరపాటు చెప్పవలసియున్నది. శ్రమపడి బుట్టలకెత్తి తోట గట్టున కుప్ప పోయుదురు. లేదా కాలువలోనో, పెంటదిబ్బ మీదనో వేయుదురు. అది పురుగును తోటలో నుండి తీసి తోట ప్రక్క పెంచుట. పురుగు కుప్పలో నుండి దిగి హాయిగా మట్టిలో చేరును. ఏరిన కాయను మూడడుగుల గోతిలో వేసి, పైన కనీసము అడుగున్నర, రెండడుగుల మన్ను కప్పి త్రొక్కవలెను. పలుచగా మన్ను చల్లిన యెడల ఈగ పొడుచుకొని బయటికి వచ్చును. గోయి త్రవ్వుటకు వీలులేనివారు మందమైన నల్ల ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి గట్టిగా కట్టి, ఎండలో వారము దినములు ఉంచిన యెడల లోపలి వేడికి పురుగు చచ్చును. పశువులకు వేయదలచినవారు ఏరిన పూటనే వేయవలెను. రేపటికని చావడిలో ఉంచిన కాయ నుండి పురుగు నేలకు దిగును. చెట్టు పాదులో మట్టిని పైపైన గుల్లచేసిన యెడల మట్టిలోని ముద్దలు ఎండకును, మైనాలకును, చీమలకును చిక్కును. లోతుగా దున్నకూడదు, పీచువేళ్లు తెగును.

కోయగా మిగిలిన పరిగె కాయలను చెట్టు మీద వదలుట మరి యొక దురలవాటు. చిటారు కొమ్మన పది కాయలు ఉన్నవి, కూలి దండుగ యని వదలుదురు. ఆ పది కాయలు పండి, గ్రుచ్చబడి, రాలును. గ్రామములోని పేదవారిని పిలిచి పరిగె మీరే కోసికొనుడని చెప్పిన యెడల వారికి పండును దక్కును, తోటయు శుభ్రపడును.

ఇప్పుడు కూలి మాట. నేను ఈ సంగతి ఎక్కడ మాట్లాడినను మొదటి ఎదురు ప్రశ్న ఇదే: "కోతకే మనుషులు దొరకటం లేదు, కుళ్లు కాయ ఏరేదెవరండీ?" న్యాయమైన ప్రశ్న. అయిదెకరముల తోటలో రెండు మూడు దినములకొకసారి ఏరుటకు ఒక మనిషికి ఒక పూట చాలునని నా లెక్క. ఏప్రిల్ మూడవ వారము నుండి జూన్ చివరి దాక పాతిక, ముప్పది పూటల కూలి అగును. అదే తోటకు కోతల ముందు రెండుసార్లు మందు కొట్టించుటకు అగు మందు ఖర్చు, ట్రాక్టరు బాడుగ, మనుషుల కూలి కాగితము మీద వ్రాసి ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు. ఎవరి తోట లెక్క వారిది. నేను అంకె చెప్పను. లెక్క వేసినవారిలో చాలమంది ఏరుడు ఖరీదైనదని అనలేకపోయిరి.

కాయకు కాగితపు సంచి కట్టు పద్ధతి కూడ ఈ మధ్య వ్యాపించినది. కాయ కోడిగ్రుడ్డంత ఉన్నప్పుడు కట్టిన యెడల ఈగ గ్రుచ్చలేదు, కాయకు మచ్చ పడదు, రంగును బాగుండును. బంగినపల్లిని పెట్టెలలో అమ్ముకొనువారికి ఇది గిట్టును. గుజ్జు కర్మాగారమునకు టన్నులలెక్కన తోలు తోతాపురికి గిట్టదు. పైగా సంచి లేని కాయ ఆ చెట్టుకే ఉండును, అది రాలును. సంచి కట్టినవారును ఏరుట మానరాదు.

మరి ఏరవలసినది ఎవరు? నా అభిప్రాయము సూటిగా చెప్పెదను. గుత్త నడచుచున్నంత కాలము గుత్తదారు, గుత్త ముగిసిన నాటి నుండి యజమాని. ఈ మాట గుత్త కాగితములో ఉండవలెను. మన గుత్త కాగితములలో సొమ్ము వాయిదాలు, నీటి వంతు, కాపలావాని పాక, కొమ్మ విరిగిన యెడల నష్టము, చివరకు యజమాని ఇంటికి ఇవ్వవలసిన ఊరగాయ కాయల లెక్క కూడ వ్రాసికొందురు. రాలిన కాయ మాట మాత్రము వ్రాయరు. ఊరగాయకు యాబది కాయలు పేచీలేకుండ రాబట్టు యజమాని చెట్టు క్రింది కుళ్లును గూర్చి అడుగలేడా? చివరి వాయిదాలో కొంత సొమ్ము, తోట శుభ్రముగా అప్పగించిన తరువాతనే చెల్లునని వ్రాసికొన్న యెడల గుత్తదారు తప్పక ఏరించును. గుత్తదారునకును నేను అన్యాయము తలపెట్టుటలేదు. ఏరుడు కూలి అతడు గుత్త సొమ్ములో తగ్గించి అడుగును, యజమాని ఒప్పుకొనవలెను. రెండు మూడేండ్ల గుత్తలలో ఇద్దరికిని లాభమే.

యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి, బంధువు ద్వారా గుత్తకిచ్చు తోటలు ఇప్పుడు ప్రతి ఊర ఉన్నవి. చిక్కు వచ్చునది వీనితోనే. ఇచ్చట గ్రామాధికారులు పూనుకొనవలెను. పూర్వము 1919 లోనే మద్రాసు రాష్ట్రములో వ్యవసాయపు పురుగుల, తెగుళ్ల చట్టము ఏర్పడినది. ఒక ప్రాంతములో ఫలానా పురుగు ప్రమాదకరమని ప్రభుత్వము ప్రకటించిన యెడల, భూమిని అనుభవించువాడు చెప్పిన పని చేయవలెను; చేయని యెడల అధికారి చేయించి ఖర్చు రాబట్టవచ్చును. కోయంబత్తూరు ప్రాంతములో ప్రత్తి మోళ్లను గడువులోపల పీకించుటకు దీనిని వాడిరి. నేడు మామిడి రైతు మీద నోటీసులు జారీ చేయవలెనని నేను కోరుటలేదు. అది పగలు పెంచును. ఆ చట్టములోని ఆలోచన మాత్రము మనకు కావలెను. పురుగును పెంచుట ఒకని స్వంత విషయము కాదు, భూమి ఎవరి చేతిలో ఉన్నదో వానిదే బాధ్యత.

పంచాయతీ కార్యదర్శి, గ్రామ ఉద్యాన సహాయకుడు కలసి ఫిబ్రవరి నెలలో గ్రామసభలో మూడు సంగతులు తేల్చిన చాలును: ఎర డబ్బాలు ఊరంతట ఏ వారములో కట్టుట, తోటల నడుమ పోరంబోకులో ఉమ్మడి గోయి ఎక్కడ త్రవ్వుట, యజమాని లేని తోటలలో ఏరుడు ఎవరిచేత చేయించి ఆ కూలి ఎవరినుండి రాబట్టుట. ఉద్యాన శాఖవారికి కూడ ఒక మనవి. ఎర డబ్బాలు రాయితీ మీద ఇచ్చునప్పుడు పది ఊళ్లలో పదిమంది చొప్పున పంచిన యెడల జాబితా నిండును, ఈగ తగ్గదు. అవే డబ్బాలు ఒక్క ఊరిలో, మధ్యలో ఖాళీ లేకుండ, కట్టించి చూపుడు. మిగిలిన ఊళ్లు అలుగవచ్చును. మరుసటి సంవత్సరము వారే వచ్చి అడుగుదురు.

పండు ఈగ కొరకు ఏరిన కాయతోనే మరి రెండు శత్రువులు పోవును. కోస్తా తోటలలో కాయ చివరి భాగమున తొలుచు గొంగళిపురుగు కూడ రాలిన కాయలో ఉండును. టెంక పురుగు టెంకలోనే పెరిగి, సంవత్సరమునకొక తరము చొప్పున, బెరడు పగుళ్లలో దాగి మరుసటి పిందె కొరకు కాచుకొనియుండును. కాయతో పాటు టెంకయు గోతిలో పడిన యెడల అదియు తగ్గును. బత్తాయి రైతులకు ఒక మాట. కాయ రసము పీల్చు రెక్కల పురుగులు కుళ్లిన కాయ వాసనకు రాత్రివేళ చేరును. వాని పిల్లలు పెరుగునది తోట గట్టున ఉన్న తిప్పతీగ, దూసరితీగల మీద. తిప్పతీగను మందుకని ఉంచుకొనదలచినవారు ఇంటి పెరట ఉంచుకొందురు గాక, తోట కంచె మీద వద్దు.

మామిడి అయిపోయిన తరువాత ఈగ ఎక్కడికి పోవును? వానకాలపు జామలోనికి పోవును. పెరటి జామకాయలో పురుగు ఉండుట సహజమని మనవారు తీసి పారవేసి తిందురు. ఆ పారవేసిన ముక్కలో ఉన్నది మన మామిడి పురుగే. సీతాఫలములోను, బడి ఆవరణలో నీడకని పెంచిన బాదము చెట్టు క్రింద రాలు మెత్తని పండ్లలోను ఇదే ఈగ కాలక్షేపము చేయును. కనుక ఎర డబ్బాలు తోటలలోనే కాక, బడి దగ్గర, గుడి దగ్గర, జామచెట్టున్న ప్రతి పెరటిలోను ఒకటి కట్టవలెను. బడి పిల్లలకు అప్పగించిన యెడల వారానికి ఎన్ని ఈగలు పడినవో లెక్క వారే చక్కగా వ్రాసి పెట్టుదురు; ఆ లెక్క ఉద్యాన సహాయకునకు పనికివచ్చును.

చాల తోటలకు గుత్త బేరములు పూతకు ముందో, పూత మీదనో కుదురును. ఈ యేటి కాగితములు వ్రాయుటకు ఇంకను వ్యవధి ఉన్నవారు ఈ క్రింది వాక్యమును, మార్పులు కావలసినచో చేసికొని, చేర్చుకొనవచ్చును:

"కాయ పక్వమునకు వచ్చినది మొదలు ఆఖరు కోత ముగిసి తోట అప్పగించు దినము వరకు, చెట్ల క్రింద రాలిన కాయలను గుత్తదారు మూడు దినములకు మించకుండ ఏరించి, గోతిలో రెండడుగుల మన్ను క్రింద పూడ్పించవలెను, చెట్ల మీద పరిగె కాయలు వదలరాదు. చివరి వాయిదా సొమ్ము, యజమాని తోట తిరిగి చూచిన తరువాత చెల్లును. ఆ తరువాత రాలిన కాయలకు యజమానిదే బాధ్యత."